బెల్లం ఆసామికి వకీలు కావలెను

బుచ్చయ్యపేట మండలంలో బెల్లం ఆసామికి లాయరు గుర్తొచ్చేది చెక్కు వెనక్కొచ్చిన రోజు సాయంత్రం. అంతకుముందు గుర్తు రాడు. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం విశాఖపట్నం జిల్లాలోంచి కొత్తగా పుట్టిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారిందిగాని చెక్కులు వెనక్కొచ్చే పద్ధతి మాత్రం పాతదే.

ఈ ఆసామికి ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఆయన ఒక్క మనిషి కాడు. నలుగురైదుగురు ఆసాముల కష్టాలు తెచ్చి ఒక కండువా కింద నిలబెట్టిన మనిషి. గానుగ ఉంది, చెరకు ఉంది, తాతల నాటి నుంచి దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి తోలే అలవాటు ఉంది. ఇంజనీరింగు చదివిన కొడుకు మాత్రం ఒక సంక్రాంతికి ఇంటికొచ్చి, దిమ్మలకి కాలం చెల్లిందనీ, బెల్లాన్ని పొడి చేసి అరకేజీ ప్యాకెట్లలో అమ్మాలనీ తేల్చాడు. బావమరిది పెట్టుబడి పెట్టాడు. చోడవరంలో ఒక దస్తావేజు లేఖరి చేత స్టాంపు కాగితం మీద పార్ట్‌నర్‌షిప్ రాయించారు. బరంపురం వర్తకుడొకడు సరుకు ఎత్తుకుని చెక్కు ఇచ్చాడు. బ్యాంకు దాన్ని చూసి, ఖాతాలో డబ్బులు లేవని చీటీ కుట్టి పంపింది.

ఇక వకీలు వేట మొదలైంది. మన ఊళ్ళలో ఈ వేట టీకొట్టు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వడ్డాది సెంటర్లో నిలబడి “మంచి లాయరెవురున్నారు బాబూ” అంటే చాలు, గ్లాసు ఖాళీ అయ్యేలోపు నాలుగు పేర్లు వస్తాయి. ఒకాయన ఎవరి తోడల్లుడికో విడాకులు ఇప్పించాడు. ఇంకొకాయన కోడిపందేల కేసులో మధ్యాహ్నానికల్లా బెయిలు తెచ్చాడు. మూడో ఆయన గట్టు తగాదాలో పద్దెనిమిదేళ్ళుగా పోరాడుతున్నాడు, అంటే పట్టుదల గల మనిషి. నాలుగో ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు గాని గొంతు పెద్దదట. చెక్కు కేసులూ పార్ట్‌నర్‌షిప్ దస్తావేజులూ ఎవరు చూస్తారని అడిగే ఆలోచన ఆసామికి రాలేదు, చెప్పే అవసరం టీకొట్టుకీ కనబడలేదు. కంటి ఆస్పత్రికెళ్ళి మోకాలు చూపించుకోరాదని తెలిసిన జనమే లాయరు దగ్గరికొచ్చేసరికి ఎవరైనా లాయరేగా అంటారు.

తప్పంతా టీకొట్టుదే అనడం అన్యాయం. తానేం పని బాగా చేస్తాడో వకీలు బయటికి చెప్పుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది గట్టిగా చెబుతోంది. ప్రకటన ఇవ్వకూడదు, మధ్యవర్తుల ద్వారా కేసులు పట్టకూడదు, గెలిచిన కేసు పేరు చెప్పి పేపర్లో ఫొటో వేయించుకోకూడదు. గుమ్మం దగ్గర బోర్డు పెట్టుకోవచ్చు గాని సైజు మితంగా ఉండాలి. ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని దాని మీద రాయకూడదు. ఒకప్పుడు జడ్జీగా చేశానని రాసుకోవడమూ కుదరదు. చోడవరం సెంటర్లో నిలబడి తల పైకెత్తితే కోచింగు సెంటర్లూ, నగల కొట్లూ, పుట్టినరోజు నాయకులూ ఫ్లెక్సీల మీంచి నవ్వుతుంటారు. ఆ నవ్వుల కింద సందులో, మేడమెట్ల పక్కన, పేరూ డిగ్రీ మాత్రమే ఉన్న చిన్న నల్లబోర్డు కనబడితే అది వకీలుగారి ఆఫీసు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 2008లో ఈ నియమాన్ని కాస్త సడలించి, వకీళ్ళు వెబ్‌సైటు పెట్టుకోవచ్చన్నారు. అందులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంటు నంబరు, చదువు, దాంతోపాటు ఏ రంగంలో ప్రాక్టీసు చేస్తారో కూడా ఇవ్వవచ్చు. అంటే సివిలా, క్రిమినలా, పన్నులా అన్న ముక్క అమెరికాలో కూర్చున్న వాడికి తెలియవచ్చు, మేడమెట్ల కింద నిలబడ్డ వాడికి తెలియకూడదు.

కొడుకు ఫోను తీశాడు. ఫోనులో అన్నీ దొరుకుతాయని వాడి నమ్మకం. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ నమ్మకం మీద నీళ్ళు చల్లింది. ప్లంబర్ల లాగే వకీళ్ళకీ నక్షత్రాలూ ధరలూ పెట్టి చూపించే ఆన్‌లైన్ సంస్థల మీదా, వాటిలో పేరిచ్చుకునే వకీళ్ళ మీదా చర్య తీసుకోమని బార్ కౌన్సిల్‌ని ఆదేశించింది. వకీలు వృత్తి వ్యాపారం కాదని దాని సారాంశం. మాట గౌరవంగానే ఉంది. అయితే గౌరవం కోసం వకీలు నోరు మూసుకుంటే, ఆ ఖాళీలో నోరు తెరిచేవాడు ఇంకొకడుంటాడు. కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి, కొత్త మొహం కనబడగానే “ఏ ఊరు మామా మనది” అని చెయ్యి పట్టుకునేవాడు.

ఆ మనిషిని ఈ ప్రాంతానికి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఎలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు 1892లోనే ‘కన్యాశుల్కం’లో ఆయన్ని స్టేజీ ఎక్కించాడు. అగ్నిహోత్రావధాన్లుకి దావాల పిచ్చి, రామప్పపంతులుకి దావాలున్న వాళ్ళ పిచ్చి. ఇలాంటి కోర్టు బ్రోకర్ల సంగతి చూసిన అప్పటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం 1879 నాటిది. దాన్ని ఎత్తేసి, బ్రోకర్ల సంగతి 2023లో అడ్వకేట్ల చట్టంలోకి 45ఎ సెక్షనుగా తెచ్చారు. జిల్లా జడ్జీలు కోర్టు బ్రోకర్ల జాబితా తయారుచేసి కోర్టులో అంటించవచ్చు, జాబితాకెక్కినవాడు ఇంకా ఆ పనే చేస్తే 3 నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జైలు మాట అలా ఉంచితే, 500 రూపాయలు రామప్పపంతులు మధ్యాహ్నం భోజనం ఖర్చు కింద రాసుకుంటాడు.

మన ఆసామి చెట్టు కింద మనిషిని తప్పించుకున్నాడు. దానికి తెలివి కారణం కాదు. భీమిలి నర్సీపట్నం రోడ్డు గోతుల పుణ్యాన బస్సు ఆలస్యమై, ఆయన చేరేసరికి చెట్టు కింద మనిషి భోజనానికి పోయాడు.

కొడుక్కి ఇంకో కోరిక ఉంది. నెల జీతాలవీ వద్దు, పని పడ్డప్పుడు పిలిచి పనికి తగ్గ డబ్బిచ్చే ఫ్రీలాన్స్ లాయరు కావాలి. వాడికి తెలియనిదేమిటంటే, కోర్టుకెళ్ళే ప్రతి వకీలూ అలాంటివాడే. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం ప్రాక్టీసు చేసే వకీలు ఎవరి దగ్గరా పూర్తికాలం జీతానికి పనిచేయకూడదు. చేరితే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపేయాలి. టాటాకైనా బుచ్చయ్యపేట గానుగకైనా నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడేది బయటి మనిషే. కొడుకు ఇంటర్నెట్‌లో వెతుకుతున్న సదుపాయం 1961 అడ్వకేట్ల చట్టం నీడలో చోడవరం మేడమెట్ల పైన కూర్చునుంది.

మనిషి నిజంగా వకీలేనా అని చూసుకోవడం మాత్రం ఇప్పుడు తేలిక. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంటు నంబరు అడగవచ్చు, అడిగితే కోపం తెచ్చుకునేవాడి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండవచ్చు. ఈ-కోర్ట్స్ సైటులో వకీలు పేరు కొడితే ఆయన నడిపే కేసులు వరసగా వస్తాయి. ఎన్ని చెక్కువి, ఎన్ని భూమివి, ఏది ఎన్ని వాయిదాలుగా సాగుతోంది అన్నీ అక్కడే. నక్షత్రాలు లేని ఈ జాబితా ముందు నక్షత్రాల జాబితాలు దిగదుడుపే. కొడుకు ఫోను చివరికిలా పనికొచ్చింది.

అలా దొరికిన ఆవిడ వయసు ముప్పై దాటి ఉండదు. ఆసామి మొదట ఆవిడ జూనియరనుకుని, “పెద్దాయన లేరేటమ్మా” అని అడిగాడు. ఆవిడ కుర్చీ చూపించి చెక్కు చేతిలోకి తీసుకుంది. బ్యాంకు చీటీ తేదీ చూసింది.

“నోటీసు పంపారా?”

“ఫోను చేస్తన్నానమ్మా. వచ్చే వారం ఏస్తానంటన్నాడు.”

“ఎన్ని వారాల్నుంచి?”

ఆసామి గోడ మీది కేలండరు వైపు చూశాడు. కేలండరు ఏం సాయం చేయలేదు.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను అంకెల మీద నడుస్తుంది. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజులు అవతలి వాడికి గడువు. అప్పటికీ ఇవ్వకపోతే నెలలోగా కోర్టులో ఫిర్యాదు పడాలి. “వచ్చే వారం” అన్న మాటకి ఈ సెక్షనులో చోటు లేదు, గాని వ్యాపారంలో చెక్కు కేసులు సగం చచ్చేది ఆ మాట వల్లే. చెక్కు తేదీ నుంచి 3 నెలలు దాటకపోతే మళ్ళీ బ్యాంకులో వేసి, మళ్ళీ తిరగ్గొట్టించుకుని, లెక్క కొత్తగా మొదలుపెట్టవచ్చని ఆవిడ చెప్పింది. ఒకసారి పడ్డ అవమానం రెండోసారి కావాలని పడమనే సలహాకి ఫీజు కట్టవలసి రావడం ఆసామికి వింతగా తోచింది.

“కేసుకి బరంపురం ఎళ్ళాలేటి?”

వెళ్ళక్కర్లేదు. 2014 ఆగస్టులో సుప్రీంకోర్టు చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుంటే కేసు అక్కడేనంది. దేశమంతటా ఫిర్యాదుల కట్టలు రైళ్ళెక్కాయి. 2015లో పార్లమెంటు చట్టం సవరించి, డబ్బు రావలసిన వాడి ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే ఆ ఊరి కోర్టేనని తిప్పి చెప్పింది. ఆసామి ఖాతా చోడవరంలో ఉంది. పొద్దుట్నుంచి ఆయన మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే ఆవిడ పార్ట్‌నర్‌షిప్ కాగితం అడిగింది.

కాగితం అందంగా ఉంది. లాభాలు చెరిసగం అని ఉంది, కులదైవం పేరు పైన ఉంది. లేనిదల్లా రిజిస్ట్రేషను. ఫర్ములు రిజిస్టరు చేయించుకోవడం తప్పనిసరి కాదని 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం ఎంతో ఉదారంగా అంటుంది. ఆ ఉదారత కింద 69వ సెక్షను కూర్చుని ఉంటుంది. రిజిస్టరు కాని ఫర్ము కాంట్రాక్టు బాకీ కోసం బయటివాడి మీద దావా వేయలేదు. చెక్కు కేసుకీ ఇది అడ్డమేనా అంటే హైకోర్టులు తలో మాటా చెప్పాయి. ఒకే ప్రశ్నకి రెండు జవాబులుంటే వకీళ్ళకి బాగుంటుంది, బెల్లం ఆసాములకి అంత బాగుండదు.

“మరి ఉద్యమ్ ఉందా?” అందావిడ.

“ఉక్కు ఉద్యమంలో మా నాన్న ఎళ్ళాడమ్మా.”

ఆవిడ అడిగింది చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషను గురించి. 2020 జూలై 1 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారు సరుకు కొన్నవాడు ఎంత ఒప్పందమున్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కొని అమ్మే వర్తకుడికి ఈ సౌకర్యం లేదు, గానుగ ఆడించి వండేవాడికి ఉంది. తరాలుగా వర్తకుల వడ్డీలు కట్టిన వంశంలో పుట్టిన ఆసామి, వర్తకుడు తనకి చక్రవడ్డీ కట్టే అవకాశం దేశంలో 2006 నుంచీ ఉందని తెలిసి నిజంగా బాధపడ్డాడు. చెక్కు పోయినందుకు కూడా అంత బాధపడలేదు.

ఫీజు దగ్గర ఆసామి తన తెలివి చూపించాడు. వసూలైన దాంట్లో పావలా వాటా ఇస్తానన్నాడు. 20వ నియమం ఒప్పుకోదందావిడ. గెలుపులో వాటా తీసుకునే ఒప్పందం వకీలు చేయకూడదు. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలునిస్తుందని, 1987 చట్టంలో ఉందని ఎవరో చెప్పారు, గానుగ మా ఆవిడ పేర పెట్టేస్తే ఎలాగుంటుందన్నాడు. చట్టం నిజమే, చెక్కు మాత్రం ఫర్ము పేర ఉంది. టర్నోవరు పరిమితి దాటిన వ్యాపారమైతే వకీలు ఫీజు మీద జీఎస్‌టీ కూడా క్లయింటే కట్టాలని తెలిశాక ఆయన బేరం మానేశాడు, ఇంకా ఏం బయటపడుతుందోనని.

ఆయన భయాలకి ఆధారం లేకపోలేదు. వకీలు పని పాడుచేస్తే వినియోగదారుల ఫోరానికి వెళ్ళే దారిని 2024 మే 14న సుప్రీంకోర్టు మూసేసింది. వకీలు క్లయింటు అదుపాజ్ఞల్లో పనిచేస్తాడు కనుక అది వేరే తరహా సేవ అని తీర్పు. ఆఫీసు వరండాలో బల్ల మీద వరసగా కూర్చున్న క్లయింట్లు తమ అదుపులో ఇంత ఉందని ఎరగరు. బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే దారి, సివిల్ దావా వేసే దారి ఉన్నాయి. ఆ దావాకి ఇంకో వకీలు కావాలి. ఒక ఊరట ఉంది: ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపే హక్కు వకీలుకి లేదని 2000లోనే అదే కోర్టు చెప్పింది.

బెల్లం కథలో రాచకొండ విశ్వనాథశాస్త్రి రాకుండా ఉండడు. విశాఖపట్నంలో వకీలుగా బతికి ‘ఆరు సారా కథలు’ రాసిన మనిషి. నల్లబెల్లం సారాకి వెళుతుందని ఎక్సైజు వాళ్ళకెప్పుడూ అనుమానమే. అందుకే ఎవరికి ఎంత అమ్మారో బిల్లులుంచుకోమని ఆవిడ ప్రత్యేకంగా చెప్పింది. ప్యాకెట్టు మీద ‘అనకాపల్లి బెల్లం’ అని వేసి ఆ పేరు తనకే రాసివ్వమంటే ట్రేడ్‌మార్కు ఆఫీసు ఊరి పేరు ఒక్కడికి రాసివ్వదని చెప్పింది. 2022 జూలై 18 నుంచి దిమ్మ బెల్లానికి లేని 5 శాతం జీఎస్‌టీ లేబులు వేసిన ప్యాకెట్టు బెల్లానికి పడిందని కూడా చెప్పింది. ఆ ముక్క విని ఆసామి కొడుకు వైపు చూసిన చూపు ఏ చట్టంలోనూ నేరం కాదు గాని, అయి ఉండాల్సింది.

పాత కాగితం పక్కన పెట్టి కొత్త దస్తావేజు మొదలైంది. ఈసారి రిజిస్టరు చేయించేందుకే. బావమరిదిని పిలిపించారు. లాభాలు, పెట్టుబడి, బ్యాంకు సంతకాలు గంటలో తేలాయి. తగాదా వస్తే ఎవరు తీర్చాలన్న క్లాజు దగ్గర బండి ఆగింది.

“నా తరఫున మా పెదనాన్న, మీ తరఫున ఎవుర్నైనా ఎట్టుకో బావా,” అన్నాడు బావమరిది.

ఆర్బిట్రేటర్ల సంఖ్య సరి అంకె కాకూడదని 1996 చట్టం పదో సెక్షను అంటోందని, మూడో మనిషి కావాలని ఆవిడ చెప్పింది. సర్పంచి పేరు వచ్చింది, ఆయన బావమరిది పార్టీ. బడి మాస్టారి పేరు వచ్చింది, ఆయన ఆసామికి బాకీ. ఊళ్ళో ఇద్దరికీ సమానంగా అక్కర్లేని మనిషి కోసం వెతుకుతూ ఇద్దరూ వరండాలోకి వెళ్ళారు. అక్కడ గొంతులు పెరిగాయి. గుమాస్తా లోపలికొచ్చి, ఈ తగాదా కొత్త దస్తావేజు కింద రాయాలా, పాతదాని కింద రాయాలా అని అడిగాడు.