డబ్బాడు పాత నాణేలు

పాత నాణేల్ని గంపగుత్తగా బేరమాడితే ధరలు రెండుంటాయి. అమ్మేవాడి ధర యూట్యూబ్ చెబుతుంది, కొనేవాడి ధర కాటా చెబుతుంది.

డబ్బా మూత తీయగానే పైన తామరపువ్వు ఇత్తడి 20 పైసలు. అమ్మేవాడు అదొక్కటే చూపించి డబ్బా మొత్తానికీ అదే లెక్క కడతాడు. కొనేవాడి చెయ్యి మాత్రం అడుక్కే పోతుంది. అక్కడ పావలాలు గుట్టగా ఉంటాయి. 2011లో సర్కారే చెల్లవని చేతులు దులుపుకున్న సరుకది. వాటిని చూపించి, తామరపువ్వుతో సహా అన్నిటికీ పాతసామాను రేటు కడతాడు.

మంచివి ఏరి విడిగా వెలకట్టి, మిగతావి తూకానికివ్వడం న్యాయమైన పద్ధతి. అందులో ఎవరూ మోసపోరు కనుక ఇద్దరికీ నచ్చదు.

ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ చింతపండు పెట్టి తళతళా తోమి ఉంటే బేరం ఇంకా తేలిక. తోమిన నాణేన్ని సేకర్తలు ముట్టుకోరు. చింతపండు ఖర్చు కూడా రాదు.

వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలిస్తామని ఫోన్ చేసేవారు అసలు బేరమే ఆడరు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు. అలాంటి ఫీజులతో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. ఆ ప్రకటన మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరగదు.