మళ్లీ పుట్టే పిట్ట

మా మేనమామది సిరికొండ. కొలువు మాత్రం బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో. నిజాం కాలంలో, 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ అన్నారు, గేటుకు తాళం పడింది. మామ సిరికొండకు వచ్చి మక్కలు, పసుపు వేసుకుంటున్నాడు. ఎన్నికలొస్తే మాత్రం పనులన్నీ పక్కనబెట్టి బోధన్ బస్సెక్కుతాడు. ఫ్యాక్టరీ తెరిపిస్తామని ఈసారి ఏ జెండావాళ్లు ఎట్లా చెప్తారో వినాలి గదా!

మారిషస్ పోతూ మామను వెంటబెట్టుకుపోయాను. మన నిజామాబాద్ జిల్లాలో సగం కూడా లేని దేశం. ఎటు చూసినా చెరుకే. మామ కారు ఆపించి, ఓ గడ నిమిరి చూసి, "ఫ్యాక్టరీలు నడుస్తున్నయా?" అన్నాడు. నడుస్తున్నాయంటే మరి మాట్లాడలేదు.

పోర్ట్ లూయీ మ్యూజియం చూపించడానికి వచ్చిన అమ్మాయి తెలుగింటి పిల్లే. చెరుకు తోటల్లో కూలికని ఆమె పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కారట. డోడో అస్థిపంజరం ముందు నిలబడి మెల్లమెల్లగా తెలుగులోనే చెప్పింది.

"వేటాడే జంతువు లేని దీవి, తాతగారూ. అందుకే ఈ పక్షికి ఎగరాల్సిన పనే పడలేదు. నేల మీదే గూడు. 1598లో డచ్చివాళ్లు దిగారు. మనుషులు తిన్నవాటికంటే ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు చేసిన నష్టమే ఎక్కువ. గుడ్లు మిగలనివ్వలేదు. 1662 తర్వాత దీన్ని చూశామన్న గట్టి సాక్ష్యం లేదు."

"అంటే తుపాకులు గాదు, లోపల జొరబడ్డ ఎలుకలే ముంచినయన్నట్టు" అన్నాడు మామ.

"అవును. అయినా మేం మరిచిపోలేదు. మా దేశపు రాజముద్ర మీద ఒక పక్క డోడో, ఇంకో పక్క జింక. రెండింటి దగ్గరా చెరుకు గడలు."

ఆ బొమ్మను మామ చాలాసేపు చూశాడు. "ఉన్నప్పుడు కాపాడకపోతిరి, పోయినంక నెత్తిన పెట్టుకుంటిరి."

అమ్మాయి నొచ్చుకుందో ఏమో, గబగబా అందుకుంది. "అలా అనకండి తాతగారూ, డోడో మళ్లీ వస్తుంది! అమెరికా కంపెనీ ఒకటి 2023లో ప్రకటించింది. డోడోకు బాగా దగ్గరి చుట్టం నికోబార్ పావురం. జన్యువులు మార్చి డోడోలాంటి పక్షిని పుట్టిస్తారట. తెచ్చి ఇక్కడే వదులుతారట!"

మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎముకల వంక ఒకసారి, అమ్మాయి వంక ఒకసారి చూసి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు:

"మీ దగ్గర ఓట్లెప్పుడు, బిడ్డా?"