గుండెదడకు మాత్ర నిషేధం

పిస్తోలు షూటింగ్ ఆటలో ఒక నిబంధన ఉంది. నేర్పించేవాళ్ళు దాన్ని ఎప్పుడో చివర్లో చెప్తారు గానీ, నన్నడిగితే చేరేరోజునే చెప్పాలి. గుండె వేగం తగ్గించి చేతి వణుకును అణిచే బీటా బ్లాకర్ మందులు ఈ ఆటలో నిషేధం. పోటీ రోజునే కాదు, ఇంట్లో ఊరికే కూర్చున్న రోజున కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ఒక వెండి, ఒక కంచు గెలిచాడు. ఒంట్లో ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ బయటపడేసరికి రెండూ లాగేసుకున్నారు. పరుగు పందెంలో బలానికి మందు తిన్నవాణ్ణి పంపేస్తారు. ఇక్కడ భయానికి మందు తిన్నవాణ్ణి పంపేస్తారు. ఈ ఆట ఆడదలచినవాడు న్యాయంగా, ధర్మంగా, సొంతంగా వణకాలి.

మొదటి పోటీకి పేరిచ్చేసినాక గానీ నాకీ సంగతి తెలియలేదు. మా ఇంటామె, "పొద్దున్నే బీపీ మాత్ర ఏసుకొని పో. దడ తగ్గుతాది" అంది. మా పాప ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఆ మాత్ర ఏ జాతిదో కనుక్కో నాయనా. కొన్నిట్ని ఆటలో రానీరు" అంది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. నేను మింగేది ఆ జాతి మాత్ర కాదని ఆయన నవ్వుతూ తేల్చేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ జాతిదే అయ్యుంటే, పోటీ మానుకోవడానికి అంత మర్యాదైన సాకు నాకు ఈ జన్మలో దొరికేది కాదు.

మాది ఏర్పేడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దోవలో రేణిగుంట దాటినాక వస్తుంది. మలయాళ స్వామి 1926లో పెట్టిన వ్యాసాశ్రమం మా ఊరిదే. మనసును ఒక్కచోట నిలపడం ఎట్లాగో అక్కడ తరతరాలుగా చెప్తూనే ఉన్నారు. ఆ ఆశ్రమం ముందు నుంచే బడికి పోయొచ్చిన నాకు ఒక్క ముక్క అంటలేదు. ఇప్పుడు ఊరికి ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది. వాటి పుణ్యాన చుట్టుపక్కల కట్టడాలు లేచి, నా హార్డువేరు అంగట్లో మేకులూ పైపులూ బాగానే పోతున్నాయి. మనసు మాత్రం యథాప్రకారం కల్లా పెట్టె చుట్టూనే తిరుగుతోంది.

ఈ ఆటలోకి నన్ను దించింది పాపే. ఆదివారాల్లో దాన్ని తిరుపతిలో ఎయిర్ పిస్తోలు నేర్పే చోటికి తీసుకుపోయేవాణ్ణి. అది లోపల నేర్చుకుంటుంటే నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆవలించేవాణ్ణి. నా ఆవలింతలకు పిల్లల గురి చెదురుతోందో ఏమో, కోచ్ సారు ఒకనాడు, "మీరూ ఒక చెయ్యి ఏయండన్నా" అని పిస్తోలు చేతికిచ్చాడు.

కిలో దరిదాపు బరువు. గుండు 4.5 మిల్లీమీటర్ల సీసం ముక్క. పది మీటర్ల అవతల ఒక అట్ట, దాని నడుమ నల్ల గుండ్రం, ఆ నలుపు నడిబొడ్డున పది మార్కుల వలయం. ఆ వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. నా అంగట్లో అరంగుళం పైపు మూతి అంతకంటే వెడల్పు. ఒక్క చేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి జేబులో పెట్టుకోవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్ళజోడుతో నిలబడి జట్టు పోటీలో వెండి కొట్టేసరికి, ఆహా ఏమి నిర్లక్ష్యం అని లోకమంతా మురిసిపోయింది. అందులో నిర్లక్ష్యమేమీ లేదు. ఆ చెయ్యి బయట వేలాడితే ఒళ్ళు ఊగుతుంది, అందుకని ఈ ఆటలో అందరూ దాన్ని ఎక్కడో ఒకచోట కట్టిపడేస్తారు. నా జేబులో అంగడి తాళాలూ, రావాల్సిన బాకీల చీటీలూ ఉండేవి. బాకీ చీటీలు చేతికి తగులుతుంటే ఏకాగ్రత ఎంతమాత్రం కుదిరేది కాదు.

గురి అంటే అట్టను చూడటం అనుకుంటాం కదా, అట్టను చూశామా చెడ్డట్టే. చూడాల్సింది పిస్తోలు కొసనుండే ముందు సైటును. అది వెనక సైటు గాడిలో నట్టనడుమ నిలవాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా కనబడాలి, పై అంచులు ఒకే మట్టానికి రావాలి. అట్ట మీది నలుపు మసకమసకగా ఉండాలి. కన్ను ఒకేసారి రెండు దూరాలను తేటగా చూడలేదు గనుక దగ్గరున్నదాన్నే నమ్ముకోవాలి. గుండు చేరాల్సిన చోటు సరిగ్గా కనబడకుండానే గుండు వదలాలన్నమాట. అప్పుమీద సరుకిచ్చే వ్యాపారికి ఈ విద్య కొత్తేమీ కాదు.

చెయ్యి నిలవడానికి సారు ఒక కసరత్తు చెప్పాడు: లీటరు నీళ్ళ సీసా పట్టుకుని చెయ్యి బారచాచి నిలబడాలి. అంగట్లో బేరాల్లేని వేళ అట్లా నిలబడ్డాను. సిమెంటు కోసం వచ్చిన ఒక పెద్దాయన, "చల్లగుండు నాయనా" అని ఆ సీసా అందుకుని గడగడా తాగేసి ఖాళీ సీసా నా చేతికే ఇచ్చి పోయాడు. ఆ తర్వాత కసరత్తును గోడౌనులోకి మార్చుకున్నాను.

అంతవరకు బాగానే జరిగింది. ఒకరోజు సారు, "అన్నా, తిరుపతిలో పోటీ ఉంది, మీ పేరు కూడా రాసేసినా" అన్నాడు. ఫీజు కట్టేశాను. కట్టిన నిమిషం నుంచి దడ మొదలైంది.

భయం దేనికంటే, నేను అంగట్లో పెద్దమనిషిని. ఏ తలుపుకు ఏ బందు వేయాలో, ఏ గోడకు ఎంత మేకు దిగుతుందో ఊరికి చెప్పేవాణ్ణి. అట్లాంటివాణ్ణి తొమ్మిదో తరగతి పిల్లల పక్కన నిలబడి ఓడిపోతే? ఈ ఆటలో వయసుకు ఏ మర్యాదా లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే మను భాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్ళను దాటి జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు పట్టుకొచ్చింది. ఆ వయసు పిల్లలకు భయమేముంటుంది? వాళ్ళ దగ్గర బాకీ చీటీలుండవు.

పాప నాకు ధైర్యం చెప్పడానికి కూర్చుంది. దాని పద్ధతి వేరు. "నాయనా, మ్యాథ్యూ ఎమన్స్ అని అమెరికా ఆయన. 2004 ఏథెన్స్‌లో రైఫిల్ ఫైనల్లో మూడు పాయింట్లు ముందరున్నాడు. మిగిలింది ఒక్క గుండు. 7.2 వచ్చినా బంగారం ఆయనదే. కొట్టినాడు. స్కోరు సున్నా. ఎందుకో తెలుసా? పక్కోడి టార్గెట్‌కు కొట్టినాడు! ఎనిమిదో స్థానం."

"ఇది ధైర్యమా?" అన్నాను.

"ఆగు నాయనా. నాలుగేండ్లకు బీజింగ్‌లో మళ్ళా అట్లే చివరి గుండుకు ముందరున్నాడు. ఈసారి సొంత టార్గెట్‌కే కొట్టినాడు. 4.4. పతకం పాయె. అంత పెద్దోళ్ళకే అట్లయితే నీకేంది?"

వంటింట్లోంచి మా ఇంటామె, "పాపం, ఆయప్ప తర్వాత ఏమైనాడు?" అంది. ఏథెన్స్‌లో ఆ ఓటమి తర్వాత చెక్ దేశపు షూటర్ కాతెరీనా వచ్చి ఓదార్చిందనీ, తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారనీ, బీజింగ్ ఒలింపిక్స్‌లో అందరికంటే ముందు స్వర్ణం కొట్టింది ఆవిడేననీ పాప చెప్పింది. ఇంటామె కాసేపు ఆలోచించి, "గుండు తప్పినా ఆయప్పకు పెండ్లామన్నా దొరికె. నీకు ఆ అవసరమూ లేదు, నేనుండా. బద్రంగా కొట్టు" అంది.

పాప అంతటితో వదల్లేదు. అభినవ్ బింద్రా బీజింగ్‌లో స్వర్ణం కొట్టడానికి ముందు, భయం మీద పట్టు రావడానికి జర్మనీలో 40 అడుగుల స్తంభం ఎక్కి, కొసనుండే చిన్న పలక మీద నిలబడ్డాడట. నన్నూ ఏదో ఒకటి ఎక్కమంది. ఇంటామె వెంటనే మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చూపించి, ఎట్లాగూ ఎక్కుతావు గనుక కడిగేసి దిగమంది. కడిగాను. భయం అట్లాగే ఉంది, ట్యాంకు మాత్రం శుభ్రపడింది.

మా అమ్మది ఇంకో దారి. "కాళాస్తికి పోయి కన్నప్పకు దండం పెట్టుకో రా. విల్లు పట్టినోడికి ఆయప్పను మించిన దేవుడు యాడుండాడు?" అంది. కథ మనకందరికీ తెలిసిందే. తిన్నడు రెండో కన్ను పెరికి ఇవ్వబోయే ముందు, ఆపైన తనకు చూపుండదు గనుక, ఎక్కడ పెట్టాలో తెలియడానికి స్వామి కంటి దగ్గర కాలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. ముందు గురి సరిచేసుకో, తర్వాతే మిగతా పని అని మా కోచ్ సారు మొత్తుకునేది కూడా ఇదే. కన్నప్ప కొండెక్కి దండం పెట్టుకున్నాను. బాకీ చీటీలు తీసేసి, జేబులో విభూతి పొట్లం వేసుకున్నాను.

పోటీ రోజు పిస్తోలు పెట్టెతో బస్సెక్కాను. ఆ పెట్టె అచ్చం డ్రిల్లింగ్ మిషన్ పెట్టెలా ఉంటుంది. హార్డువేరు అంగడివాడి చేతిలో ఉంటే ఇక అనుమానమే లేదు. వెనక సీటాయన, "అన్నా, బాడుగకు ఇస్తావా? గోడకు నాలుగు చిల్లులు పెట్టుకోవల్ల" అన్నాడు. ఇది పెట్టే చిల్లు ఎక్కడ పడుతుందో చెప్పలేనని నిజమే చెప్పాను.

లోపల ముందు పిస్తోలు తనిఖీ. ట్రిగ్గరుకు 500 గ్రాముల తూకం రాయి తగిలించి పైకెత్తారు. ట్రిగ్గరు జారకుండా దాన్ని మోయాలి. ఆ రోజు మొత్తంలో నా ప్రాణం కాస్త కుదుటపడింది అక్కడే. తూకం రాయి మనకు బంధువు. తర్వాత నా చోటికి పోయి నిలబడ్డాను. నా నంబరు 14. ఎదురుగా అట్ట మీద 14. ఎమన్స్ గుర్తొచ్చి మళ్ళీ చూశాను. పద్నాలుగే. రాత్రి అంగడి తాళం లాగి చూసుకున్నట్టు ప్రతి గుండుకూ ముందు ఆ నంబరు చూస్తూనే ఉన్నాను.

కాగితం అట్టలైతే 60 గుండ్లకు 90 నిమిషాలు ఇస్తారు. అంతకు ముందు 15 నిమిషాలు గురి సరిచూసుకోవడానికి. వాటికి లెక్క లేదు. ఆ లెక్కలేని గుండ్లు నేను అద్భుతంగా కొట్టాను. "స్టార్ట్" అన్నారు. పిస్తోలు ఎత్తాను. నలుపు తిరునాళ్ళకు పోయినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. ఊపిరి బిగబట్టాను. వణుకు పెరిగింది. ఇంకా బిగబట్టాను. కళ్ళలో నీళ్ళు.

సారు నాకు వెయ్యి చెప్పినా ఆ వేళ గుర్తొచ్చింది ఒక్కటే: "దించడం నేర్చుకోండన్నా." పిస్తోలు ఎత్తిన పది సెకన్లలోపు గుండు పోకపోతే దించేయాలి. కన్ను అలిసిపోతుంది, చెయ్యి బరువెక్కుతుంది, ఆ తర్వాత కొట్టేదంతా మొండితనమే. దించి, నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్ళీ ఎత్తాలి. ఎన్నిసార్లు దించినా మార్కులు పోవు. చెప్పుకుంటే సులువే. కానీ రాయలసీమలో పుట్టినవాడికి, నలుగురి ముందు ఎత్తిన చెయ్యి ఊరికే దించడమంటే ఎంత కష్టమో బయటివాళ్ళకు అర్థం కాదు. ఎత్తినాక ఏదో ఒకటి చేసి తీరాలి, లేకపోతే రేపు వీధిలో తలెత్తుకోలేం. పక్కన 13లో ఉన్న పిల్లోడికి ఈ పౌరుషాలేవీ లేవు. ఎత్తుతున్నాడు, నచ్చకపోతే దించుతున్నాడు, ముక్కు గోక్కుంటున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు. వాణ్ణి చూసి నేనూ దించాను. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దించాను. మూడోసారి ఎత్తినప్పుడు ట్రిగ్గరు దానంతటదే జారినట్టు పోయింది. స్విచ్చి నొక్కితే అట్ట కదిలి దగ్గరికి వచ్చింది. తొమ్మిది!

వణుకు తగ్గిందనుకుంటున్నారా? ఎక్కడిది, అది చివరిదాకా అట్లాగే ఉంది. కాకపోతే సగం దాటేసరికి భయానికే విసుగు పుట్టింది. గంటన్నర నిలబడటం దానికీ చేతగాలేదు. నాకు నడుం నొప్పి మొదలైంది. నొప్పి ముందు భయం ఎంత? వెనక్కి తిరిగి చూస్తే, నన్ను చూడ్డానికి వచ్చిన పాప కూడా ఫోనే చూసుకుంటోంది.

తర్వాత అట్టల లెక్క. చిల్లు గీతకు తగిలిందా లేదా అని సందేహమొస్తే, చిల్లులో ఒక చిన్న గేజి దించి చూస్తారు. తగిలితే లోపలి వలయం మార్కే ఇస్తారు. సందేహం వచ్చినప్పుడు ఎక్కువ ఇచ్చే ఇట్లాంటి కొలత మా వ్యాపారంలో నేనెక్కడా చూడలేదు. అంతా కూడితే 600కు 447. పెద్ద పోటీల్లో మగవాళ్ళు ఫైనల్ మొహం చూడాలంటే 580 దరిదాపుల్లో ఉండాలి గనుక, నా స్థానం గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు.

మర్నాడు అంగట్లో అందరూ అడిగారు. 447 అన్నాను. నిన్న బస్సులో డ్రిల్లింగ్ మిషన్ అడిగినాయన వేళ్ళ మీద లెక్కేసి, "నూటికి డెబ్బై నాలుగున్నర! ఫస్టు క్లాసే గదన్నా!" అన్నాడు. నేను దిద్దలేదు.

పోటీకి పేరివ్వాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకు నా మాట. బీపీ ఉంటే డాక్టర్ని అడగండి, సొంతంగా మాత్ర మానొద్దు. పైజేబులూ పక్కజేబులూ ఖాళీ చేసుకోండి. దించడానికి సిగ్గుపడకండి. భయం పోయినాక పేరిద్దామని మాత్రం ఆగకండి. ముందు ఫీజు కట్టేయండి. దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి, నన్ను ఆ రోజు బస్సెక్కించింది ఆ ఒక్క వాక్యమే: కట్టిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు.