అన్నీ వాటంతట అవే పనిచేస్తాయట!

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పదకొండుకు వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంది, ప్రాసెసరు పేరు తన జాబితాలో ఉండాలంది. ముందు రోజు వరకు నిక్షేపంగా నడిచిన డెస్క్‌టాప్‌లు తెల్లారేసరికి పాతసామాను లెక్కలోకి వెళ్లిపోయాయి. ఈ ముహూర్తం కోసమే కాచుకున్నట్టు ప్రతి కుటుంబంలోనూ ఒక మేనల్లుడు లేచాడు. "మామయ్యా, లినక్స్ వేసేద్దాం. పైసా ఖర్చు లేదు, వైరస్‌ల బెడద లేదు. డ్రైవర్లు వెతుక్కునే పనే లేదు, అన్నీ వాటంతట అవే పనిచేస్తాయి."

మొదటి మాట నిజం. రెండోది చాలావరకు నిజం. మూడో మాట ఇరవై ఏళ్లకు పైగా ఊరేగుతూనే ఉంది. "మనుషుల కోసం లినక్స్" అనే నినాదంతో ఉబుంటు అనే డిస్ట్రో (లినక్స్ కూర్పు) 2004 అక్టోబరులో వచ్చింది. అప్పటిదాకా ఎవరి కోసమో ఆ నినాదం చెప్పకనే చెప్పింది. అదే ఏడాది ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ లోపాల పట్టికలో ఒకటో నంబరు కింద మార్కెట్‌లో అధిక వాటా మైక్రోసాఫ్ట్‌దేనని రాసుకున్నాడు. 2013 మే నెలలో, ఆ లోపం తీరిపోయిందని ఆయనే దాన్ని మూసేశాడు. బల్లమీది కంప్యూటర్లు అప్పటికీ విండోస్‌వే. జనం ఫోన్లకూ టాబ్లెట్లకూ మళ్లారు కాబట్టి మొత్తం లెక్కలో మైక్రోసాఫ్ట్ వాటా తగ్గిందని ఆయన వాదన. రోగి వేరే ఆస్పత్రికి వెళ్లిపోతే రోగం నయమైందని రాసుకున్నట్టుంది.

మేనల్లుడి విషయానికొస్తే, అతను అబద్ధాలకోరు ఏమీ కాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ వైఫై చిప్పు ఉంటుంది. ఇంటెల్ తన చిప్పులకు డ్రైవరును తానే రాసి లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో చేర్పిస్తుంది. కాబట్టి అతనికి అన్నీ నిజంగానే వాటంతట అవే పనిచేశాయి. ఆ ల్యాప్‌టాప్ కొనేముందు ఏ చిప్పు ఉందో నాలుగు రోజులు వాకబు చేసిన సంగతి మాత్రం అతనికి గుర్తుండదు.

మామయ్య దగ్గరున్నది డెస్క్‌టాప్. రూటరు పక్కనే ఉండి లాన్ వైరు గుచ్చితే సాధారణంగా గొడవే ఉండదు. కానీ తెలుగు ఇళ్లలో రూటరు హాల్లో టీవీ పైన ఉంటుంది, కంప్యూటరు వెనక గదిలో ఉంటుంది. మధ్యలో రెండు గోడలు. అందుకని కొన్ని వందలు పెట్టి గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొంటారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

చవక డాంగిళ్లలో చాలావాటికి లోపల ఓ చిన్న మెమరీ ఉంటుంది. గుచ్చగానే అది తాను వైఫై పరికరాన్నని చెప్పదు, సీడీ డ్రైవునని చెబుతుంది. ఆ ఉత్తుత్తి సీడీలో విండోస్ డ్రైవరు ఉంటుంది. విండోస్ దాన్ని ఎక్కించుకున్నాక డాంగిల్ వేషం విప్పి వైఫైగా ప్రత్యక్షమవుతుంది. విండోస్‌వాళ్లకు ఇది సౌకర్యమే. లినక్స్‌లో మాత్రం "నాయనా, నాటకం చాలు" అని దానికి చెప్పడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం ఒకటి కావాలి. 2010 ప్రాంతంలో టెలికాం కంపెనీలు అమ్మిన 3జీ డేటాకార్డులు కూడా ఈ వేషమే వేసేవి. అప్పట్లో లినక్స్ వాడినవాళ్లను అడిగితే ఆ ప్రోగ్రాం పేరు నిద్రలో కూడా చెబుతారు. మామయ్యకు మాత్రం తెర మీద కొత్తగా ఒక సీడీ బొమ్మ కనిపిస్తుంది. "ఒరేయ్, నేను కొన్నది వైఫై కదరా, సీడీ ఎక్కడిది?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న.

వేషం విప్పించాక డ్రైవరు కావాలి. డ్రైవరు దొరికినా చిప్పులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ కావాలి. వాటిని నెట్ నుంచి దించుకోవాలి. నెట్ రావాలంటే అవి ముందే ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. డెబియన్ అనే మరో డిస్ట్రో ఈ ముడిని ఏళ్ల తరబడి సిద్ధాంతంగా కాపాడుకుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు, వేరే పెన్‌డ్రైవులో తెచ్చుకోమనేది. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌తో పాటే ఇస్తోంది. అంతకుముందు దశాబ్దంలోనూ అన్నీ వాటంతట అవే పనిచేస్తాయన్న ప్రచారం ఒక్క రోజూ ఆగలేదు.

ఈ ముడి విప్పే సులువైన దారి ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ నొక్కితే, కంప్యూటరు దాన్ని వైరు నెట్‌వర్క్‌గా గుర్తుపడుతుంది. డ్రైవరు ప్రసక్తి లేకుండా నెట్ వచ్చేస్తుంది. మొట్టమొదట చెప్పాల్సిన ఈ మాట మేనల్లుడు ఆఖర్న చెబుతాడు. దానికి ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండు కొట్టి వచ్చింది పంపమంటాడు, తర్వాత డీమెసేజ్ కొట్టి పంపమంటాడు. మామయ్య తెరను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, "ఫొటోలో సరిగ్గా కనబడట్లేదు మామయ్యా, టెక్స్ట్ కాపీ చేసి పంపండి" అంటాడు. నెట్ లేని కంప్యూటరు నుంచి!

సరే, తిప్పలుపడి ఎవరో స్వచ్ఛందంగా నిర్వహిస్తున్న డ్రైవరు మూలాన్ని (సోర్స్ కోడ్‌ను) దించి, కంపైల్ చేసి వైఫై తెప్పించారనుకుందాం. అది కెర్నెల్‌లో భాగం కాదు, పక్కనుంచి తగిలించినది. కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ పని దానంతట అది చేస్తుంది. కెర్నెల్ లోపలి అమరిక కాస్త మారితే చేయలేక చేతులెత్తేస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవరును కెర్నెల్ గడప తొక్కనివ్వదు. సంతకానికి తాళంచెవి నమోదు చేయాలి. రీబూట్ చేసినప్పుడు నీలిరంగు తెర ఒకటి వచ్చి, ఏదో ఒక మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెట్టి వెళ్లిపోతుంది. అది పాస్‌వర్డ్ అడిగే తెర అని మామయ్యకు ఎవరూ చెప్పలేదు. వైరస్ వచ్చిందేమోనని ఆయన స్విచ్ కట్టేశాడు.

రియల్‌టెక్ 8821సీయూ లాంటి చిప్పులున్న డాంగిళ్లు ఏళ్లుగా బజారులో ఉన్నాయి. వాటికి కెర్నెల్‌లోనే మద్దతు 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2తో మొదలైంది. కాబట్టి ఇవాళ "ఆ డాంగిల్ భేషుగ్గా పనిచేస్తుంది" అనేవాడూ, నిరుడు దించిన పాత డిస్ట్రో వేసుకుని "పనిచేయట్లేదు" అని మొత్తుకునేవాడూ ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ప్రచారానికి మాత్రం మొదటివాడి సాక్ష్యమే పనికొస్తుంది.

నెట్‌వర్క్ పరికరాల పేర్ల సంగతి మరీ రుచికరం. పూర్వం వైరు కార్డు పేరు ఈటీహెచ్0, వైఫై పేరు డబ్ల్యూలాన్0. రెండు కార్డులున్న సర్వర్లలో ఏది సున్నా, ఏది ఒకటి అన్నది బూట్ అయినప్పుడల్లా తారుమారయ్యే ప్రమాదం ఉండేది. అది తీర్చడానికి 2013లో సిస్టమ్‌డీ 197వ వెర్షన్ కొత్త పద్ధతి తెచ్చింది. మదర్‌బోర్డు మీద కార్డు ఎక్కడుందో దాన్నిబట్టి ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేరొస్తుంది. ముందే ఊహించగల పేర్లు అని దీనికి బిరుదు. ఒక కార్డు మాత్రమే ఉన్న ఇంటి కంప్యూటరులో ఈటీహెచ్0 అని చంటిపిల్లాడైనా ఊహించేవాడు. ఇప్పుడు ఆ పేరేమిటో చూడటానికి ముందు ఒక కమాండు కొట్టాలి. పైగా ఎప్పుడైనా కొత్త గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎంఈ డిస్కో బిగిస్తే పీసీఐ వరస జరిగి ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు. పాత పేరుతో రాసుకున్న సెట్టింగులు దిక్కులేనివవుతాయి. డిస్కు బిగిస్తే నెట్ పోయిందని చెబితే, ఈ కథ తెలియనివాడు ఎవడైనా నవ్వుతాడు.

ఇక సెట్టింగులు ఎక్కడ రాయాలి? డెబియన్‌లో ఇంటర్‌ఫేసెస్ అనే పాత ఫైలు ఉంది. 2004లో రెడ్ హ్యాట్‌లో పుట్టిన నెట్‌వర్క్‌మేనేజర్ ఉంది. సిస్టమ్‌డీ వారి నెట్‌వర్క్‌డీ ఉంది. ఉబుంటు ఈ చివరి రెంటి మీదా 17.10 నుంచి నెట్‌ప్లాన్ అనే పైఅధికారిని కూర్చోబెట్టింది. పాత ఫైలులో ఒక కార్డు పేరు కనబడితే నెట్‌వర్క్‌మేనేజర్ మర్యాదగా పక్కకు తప్పుకుని, అది తన పరిధిలోది కాదని చెబుతుంది. ఈ సౌజన్యం మన ప్రభుత్వ కార్యాలయాలకు కొత్తేమీ కాదు. డీఎన్ఎస్ చిరునామా మారుద్దామని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ తెరిస్తే, దీన్ని చేత్తో దిద్దొద్దని తలమీదే రాసి ఉంటుంది. మొండిగా దిద్దితే మళ్లీ బూట్ అయ్యేసరికి మొదటికొస్తుంది. పాత పుస్తకాలు ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టమంటాయి. అది కొడితే అలాంటి కమాండే లేదని జవాబొస్తుంది, ఎందుకంటే దాని స్థానంలో ఐపీ అనే కమాండు వచ్చి చాలాకాలమైంది.

ఇంతవరకు తిప్పలే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో 2.6.27 కెర్నెల్ పరీక్షా వెర్షన్లు ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ చిప్పుల్లోని శాశ్వత మెమరీని చెరిపేశాయి. తప్పు నెట్‌వర్క్ డ్రైవరుది కూడా కాదు. ఎఫ్‌ట్రేస్ అనే వేరే భాగం తనది కాని చోట రాసింది. కార్డు చచ్చింది. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 డౌన్‌లోడ్‌ను దాని తయారీ సంస్థ కెనానికల్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో అది బయోస్‌నే పాడుచేసింది కాబట్టి. రెండూ బయటపడ్డాయి, రెంటినీ దిద్దారు, ఎందుకు జరిగిందో ఎవరైనా చదువుకునేలా రాసిపెట్టారు. దానికి వారిని మెచ్చుకోవాలి. "డ్రైవర్ల గొడవే ఉండదు" అన్న మేనల్లుడిని మాత్రం ఒకసారి నిలబెట్టి అడగాలి.

అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. "తప్పు లినక్స్‌ది కాదు మామయ్యా, చిప్పు కంపెనీలది." ఇందులో అబద్ధం లేదు. బ్రాడ్‌కామ్ తన వైఫై చిప్పుల వివరాలు ఇవ్వకపోతే ఔత్సాహికులు కంపెనీ డ్రైవరును రివర్స్ ఇంజినీరింగ్ చేసి బీ43 డ్రైవరు రాశారు. అది కుదరని చోట ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అనే తొడుగు వేసి విండోస్ డ్రైవరునే లినక్స్‌లో నడిపారు. బ్రాడ్‌కామ్ తానుగా ఓపెన్ డ్రైవరు ఇచ్చింది 2010లో. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో సభ జరుగుతుండగానే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్‌విడియాకు మధ్యవేలు చూపించాడు. ఆ కంపెనీ కెర్నెల్ మాడ్యూళ్ల మూలం బయటపెట్టడానికి మరో పదేళ్లు పట్టింది. మూలం చేతిలో ఉంటే ఏం చేయవచ్చో చూడాలంటే హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన తెలుగు లినక్స్ ఉంది. మెనూలను తెలుగులోకి తెచ్చుకోగలిగారు. మూసిన ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లడం మాత్రం వాళ్లకూ అంత తేలిక కాదు.

సరే, తప్పు కంపెనీలదే. మరి కంపెనీలు ఇవ్వకపోతే పనిచేయదని తెలిసి, వాటంతట అవే పనిచేస్తాయని మాటిచ్చింది ఎవరు? పనిచేస్తే పేరు లినక్స్‌ది, పనిచేయకపోతే పాపం చిప్పుది, మధ్యలో కొన్నవాడిది తెలివితక్కువతనం. ఈ పద్దులో నష్టం ఏనాడూ చూపించరు.

సూపర్‌కంప్యూటర్ల సాక్ష్యం కూడా తెస్తారు. టాప్500 జాబితాలోని మొత్తం 500 యంత్రాలూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి, నిజం. మామయ్య జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఆ కెర్నెలే. అక్కడ ఎందుకు గొడవ లేదంటే, ఆ ఒక్క యంత్రానికి కావలసిన డ్రైవర్లన్నీ ముందే సర్ది, పరీక్షించి అమ్మడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. మామయ్య డెస్క్‌టాప్‌కు ఆ జీతం లేని ఉద్యోగి మేనల్లుడే.

ప్రింటరు ఊసెత్తకపోతే అన్యాయం. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలలో జిరాక్స్ ప్రింటరు సాఫ్ట్‌వేర్ మూలం ఇవ్వలేదన్న కోపం రిచర్డ్ స్టాల్‌మన్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వైపు నెట్టిన కారణాల్లో ఒకటి. ఇన్నేళ్ల తర్వాత, మన ఊళ్లలో ఎక్కడపడితే అక్కడ కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపాలి. ఆ ఫర్మ్‌వేర్ మూలం ఇప్పటికీ మూసే ఉంది.

చివరికి మేనల్లుడు సెలవుకొచ్చి మామయ్యను వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటరు సామాన్ల దుకాణానికి వెళ్తాడు. ఇప్పుడతనికి జ్ఞానోదయమైంది, డబ్బా మీది పేరు చాలదని తెలిసింది. టీపీ-లింక్ 722ఎన్ అనే డాంగిల్ ఉంది. దాని మొదటి వెర్షన్‌లో లినక్స్‌వాళ్లు కళ్లకద్దుకునే ఆథెరోస్ చిప్పు ఉండేది. రెండో వెర్షన్ నుంచి అదే పేరుతో లోపల రియల్‌టెక్ చిప్పు పెట్టారు. అందుకే అతను డబ్బా తిప్పి చూస్తాడు. లినక్స్‌లో పనిచేస్తుందని రాసి ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో ఏనాటివో కెర్నెల్ నంబర్లు ఉంటాయి. చిప్పు పేరు ఎక్కడా ఉండదు.

"అన్నా, ఇందులో ఏ చిప్పుంది?" అని అడుగుతాడు.

దుకాణదారు తలెత్తకుండానే బిల్లు రాస్తుంటాడు. "ఏ చిప్పైతే ఏంది తమ్మీ, గుచ్చంగనే పన్జేస్తది."