ఒక అభిమాని వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక. కోవెలమూడి రాఘవేంద్రరావుగారు 1975లో బాబు చిత్రముతో దర్శకత్వమునకు శ్రీకారము చుట్టి, 1977లో అడవిరాముడుతో ఆంధ్రదేశమందలి టికెట్టు కిటికీలన్నింటిని కిక్కిరియజేసి, 2003 నాటికి గంగోత్రితో నూరు చిత్రములు ముగించియు, సభలలో మైకును చూచినంతనే వెనుకవరుసకు జరుగు మౌనవ్రతిగా దశాబ్దములపాటు పేరుగాంచి, కడకు ఈటీవీలో సౌందర్యలహరి యను పేర తన నాయికానాయకులతో కూర్చుండి పెదవి విప్పిన సంగతి లోకవిదితము. శంకరభగవత్పాదుల సౌందర్యలహరికి లక్ష్మీధరుడు మొదలుగా వ్యాఖ్యాతలు పెక్కండ్రు కలరు. ఈ సౌందర్యలహరికి ఒక్కడును లేకుండుట లోపమని యెంచి, కార్యక్రమమును గాక, దానిని చూచుచు ఒక అభిమాని మంచముమీదినుండి లేచి నిలుచుండి పలికిన వాక్యమును మూలముగా గైకొని యీ టీక వ్రాయబడుచున్నది. మూలమున లేనిది వ్రాయనని వ్యాఖ్యాతయైన కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టినాడు. ఆ నిష్ఠ కొలిచెలమవారికి చెల్లును. అభిమాని హృదయమున నున్నది అతని వాక్యమున పదవవంతైన నుండదు గావున మాకు చెల్లదు.

మూలము. “ఒరేయ్, మాట్లాడాడ్రా! మా రాఘవేంద్రరావు బి.ఏ. మాట్లాడాడు! ఇంక మనకేం పని?”

ప్రతిపదార్థము. ఒరేయ్ = ఓ తమ్ముడా; మా = నాకును నాబోటివారికిని చెందినట్టి; రాఘవేంద్రరావు = ఆ పేరుగల దర్శకేంద్రుడు; బి.ఏ. = పట్టభద్రుడు; మాట్లాడాడు = నోరు విప్పెను; ఇంక = ఇటుపై; మనకు = ఇన్నినాళ్ళు ఆయన తరఫున మాటలాడిన మనకు; ఏం పని = ఏ వ్యాపారము మిగిలినది? (ఏమియు లేదనుట.)

వ్యాఖ్య. ఒరేయ్ యనుచోట సంబోధ్యుడైన తమ్ముడు ఆ సమయమున గదిలో లేడు; బండికి పెట్రోలు పోయించుటకై వెళ్ళియున్నాడు. కావున నిది నాటకలక్షణమున చెప్పబడిన ఆకాశభాషితము. లేనివానితో మాటలాడుట ఉన్మాదము కాదా యందురేని, కాదు. వినువాడుండవలెనను నియమము వార్తకు గలదు గాని ఉత్సాహమునకు లేదు.

‘మా’ యన్నది షష్ఠి. ఏ సంబంధమున షష్ఠి? బంధుత్వము లేదు, ఊరొకటి కాదు, ఆ దర్శకుడీతనిని కన్నెత్తి చూచి యెరుగడు. ఐనను 1990 మే నెలలో జగదేకవీరుడు అతిలోకసుందరి వెలువడిన వేళకే తీరమును తుపాను ముంచెత్తగా, మోకాటిలోతు నీటిలో చెప్పులు చేతబట్టుకొని, తడిసి మెత్తనైన నోటు నొకదానిని చిరుగకుండ రెండు వ్రేళ్ళతో పట్టి కిటికీ కన్నమున దూర్చి, తెరమీద నాయిక ఇంద్రజ యుంగరము పోయినదని దుఃఖించుచున్నప్పుడు తన యింటి గుమ్మమునకు నీరు వచ్చెనా రాలేదా యని తలంపనైన తలంపక కూర్చున్నవాడీతడు. అట్టివానికి ‘మా’ యనుట కధికారము లేదన్నచో ఆ షష్ఠీవిభక్తి యెవనికొరకు పుట్టినట్లు?

బి.ఏ. యనుట అధికపదదోషమని పూర్వపక్షము. విశేషణము అదే పేరుగల యితరులనుండి వేరుచేయుటకై యుండవలెను, బి.ఏ. కాని మరియొక రాఘవేంద్రరావు ఇంతటి పేరుతో చిత్రములు తీయుచున్నాడా? సమాధానము. తెరమీద పేర్లు పడి పడి, కడపట ‘కె. రాఘవేంద్రరావు బి.ఏ.’ యని కనుపించినగాని ఈల పుట్టదు, చింపిన కాగితములు పైకెగురవు. కావున నిది విశేషణము కాదు, నామమునందలి యంగమే. ఇతరులకు బిరుదములు పేరునకు ముందు నడుచుచుండగా ఈయనకు పట్టా వెనుక నడచుట ఒక వినయవిశేషమని మా అభిమానియే నిర్ణయించియున్నాడు.

ఇక ‘మనకేం పని’ యన్నది వాక్యమునకు ప్రాణము. ఈ దర్శకుడు పలుకకుండిన కాలమంతయు పలికినవాడీ యభిమాని. పాటలలో నాయికపై పండ్లును పూలును ఏల కురియునని ఎగతాళి చేసినవారికి, ఫలపుష్పములు లేనిదే మన యింట ఏ పూజ జరిగెనని యెదురడిగినవాడీతడు. 1982లో దేవత చిత్రమున గోదావరి యిసుకతిన్నెలమీద బారులు తీర్చిన యిత్తడి బిందెలను చూచి నవ్విన సహోద్యోగికి పూర్ణఘట తత్త్వమును కాఫీ చల్లారువరకు బోధించినవాడీతడు. ఇంతటి శృంగారప్రియుడు 1997లో అన్నమయ్య నెట్లు తీయగలిగెనని లోకము ముక్కున వ్రేలిడుకొన్నప్పుడు, అధ్యాత్మ సంకీర్తనములును శృంగార సంకీర్తనములును రచించిన అన్నమయ్య ఒక్కడే కదా, అట్టివానిని తీయుటకు రెండును తెలిసినవాడు గాక మరియెవడు తగునని యడిగి నోళ్ళు మూయించినవాడును ఈతడే. (ఈ చివరి వాదము మాకు నిజముగనే సమ్మతము, పండ్ల వాదమును గూర్చి మౌనము వహించుచున్నాము.) ఇట్టి భాష్యకారునకు మూలకర్త స్వయముగా టీవీలో ప్రత్యక్షమగుట వరమో విపత్తో చెప్పజాలము. ఆయన పండ్ల సంగతిని ‘ఏదో అట్లు కుదిరినది’ అని తేల్చివేసినచో, కాఫీ చల్లార్చిన వేదాంతమంతయు ఏమి గావలెను? అందుచేత ఈ వాక్యమున హర్షము, గర్వము, శంక, విషాదము ఒకదానినొకటి త్రోసికొనుచు భావశబలత యేర్పడినది. దర్శకవిషయకమైన యీ రతి, దేవతావిషయకరతివలె, రసము గాక భావమాత్రమే యని ఆలంకారికులు శాసింతురు. వారు తొలియాట చూచినవారు కారు.

మాట్లాడాడ్రా, మాట్లాడాడు అని ఒకే మాట తాత్పర్యభేదముతో ఆవృత్తమగుటచే లాటానుప్రాసము. మొదటిదానికి వార్త ఫలము, రెండవదానికి నమ్మలేకపోవుట.

పాఠాంతరము. ‘మనకేం పని’ యను దానికి పిమ్మట “కరెంటు బిల్లు కట్టే పని ఉంది” అను వాక్యమొకటి వంటింటివైపునుండి వినవచ్చుచున్నది. శైలి భిన్నమగుటచేతను, స్వరము స్త్రీస్వరమగుటచేతను అది ప్రక్షిప్తము.

తాత్పర్యము. మౌనముగా నున్న దర్శకుడు మాటలాడినందున, ఆయన మౌనమునకు అర్థము చెప్పుటయే వృత్తిగా గలవాడు తన పదవి పోయినదని సంతోషముతో ఘోషించుచున్నాడని భావము. ఐనను ఆ పదవి పోయినది విరామమువరకే. ప్రకటనలు మొదలుకాగానే అతడు టీవీ శబ్దమును తగ్గించి, పెట్రోలు పోయించుకొని అప్పుడే లోనికి వచ్చిన తమ్ముని భుజము పట్టి కూర్చుండబెట్టి, “ఇప్పుడాయన అన్నదానికి అసలర్థం ఏంటంటే” అని యారంభించెను.