ఏజెంటు గారి ఆటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఉన్న ఇంటి అప్పు తీర్చేసి, చేతిలో ఇరవై లక్షల చిల్లర నిలిచిన గృహస్థు ఈ కావ్యానికి నాయకుడు. ధీరోదాత్తుడు కాడు, ధీరలలితుడూ కాడు. తోడల్లుడు రెండో ఫ్లాటు కొని అద్దెకిచ్చాడని విన్ననాటి నుంచి నిద్రపట్టనివాడు. అట్టివాని ఫోనులోకి ఒక వేకువన ఈ పద్యం దిగింది. కవి ఏజెంటు. రసం వీరం, స్థాయి ఉత్సాహం. సంతకం పెట్టాక అది కరుణలోకి జారకుండా కాయడం వ్యాఖ్యాత విధి.

మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని మాటిచ్చి మహాకావ్యాలకు వ్యాఖ్య రాశాడు. కాళిదాసుకు రాశాడు కనుక ఆ నియమం చెల్లింది. ఈ కవి దగ్గర చెల్లదు. అమ్మకపు పద్యంలో సంగతంతా లేనిచోటే ఉంటుంది కాబట్టి, ఈ టీక మూలంలో లేనిదాన్నే ఎక్కువగా రాస్తుంది.

మూలము

ఆ. తూర్పు ముఖము, వాస్తు దోషమేమియు లేదు,
రింగు రోడ్డు చేర రెప్పపాటు,
అద్దె వచ్చు నెలకు హాయిగా కూర్చున్న,
మిగిలె నొకటె, నేడె మీరు కొనుడు!

ప్రథమ పాదము

తూర్పు ముఖము = వాకిలి తూర్పునకు తెరుచుకొనునది. ఈ విశేషణానికి చాలామంది బిల్డర్లు విడిగా రేటు కడతారు. అద్దెకు దిగేవాడు తూర్పు వాకిలని సంతోషిస్తాడు గానీ, ఆ సంతోషానికి నెలనెలా వెయ్యి రూపాయలు చేర్చి ఇవ్వడు.

వాస్తు దోషమేమియు లేదు = వాస్తునందు ఏ దోషమును లేదు. ‘ఏమియు’ అన్నది వాస్తుకే అన్వయిస్తుంది, దస్తావేజులకు అన్వయించదు. ఇచట అధ్యాహారం చేసుకోవలసినవి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), మంజూరైన ప్లాను, ఓసీ (నివాసయోగ్యతా పత్రం).

వీటిలో ఈసీ పఠనం ఒక శాస్త్రం. తెలంగాణలో 1983 నుంచీ ఉన్నది ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది. అందులో ప్రతి పద్దుకూ పేర్లుంటాయి, పేర్ల పక్కన పొడి అక్షరాలుంటాయి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవాడు. సీఎల్ అంటే రాయించుకున్నవాడు. ఎంఆర్ తాకట్టు పెట్టినవాడు, ఎంఈ తాకట్టు పట్టినవాడు. ఒక పద్దులో సీఎల్‌గా ఉన్నవాడే తర్వాతి అమ్మకంలో ఈఎక్స్‌గా రావాలి. ఎన్నడూ రాయించుకోని మనిషి హఠాత్తుగా రాసిస్తున్నాడంటే నడుమ వారసత్వమో, కోర్టు డిక్రీయో ఉండాలి. ఆ కాగితం చూపమని అడగాలి. ఎంఆర్ కనిపించి, విడుదల పద్దు కనిపించకపోతే అప్పు ఇంకా బతికే ఉందనుకోవాలి.

అంతటి ఈసీకీ కొన్ని కనపడవు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, అన్నదమ్ముల మధ్య నానుతున్న తగాదాలు అందులోకి రావు. కింది భూమి 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, 1977 చట్టం అమ్మకూడదన్న అసైన్డ్ భూమా, చెరువు నిండు నీటి హద్దయిన ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందా అన్నవి వేరువేరుగా వాకబు చేయవలసినవి. ఉత్త జీపీఏ (అధికార పత్రం) మీద చేతులు మారిన ఆస్తికి యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

‘బ్యాంకువాళ్లు లోనిస్తామన్నారు కదా, ఇంకా చూసేదేముంది?’ అని పూర్వపక్షం. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. మన కోసం చూసేవాడికి ఫీజు మనమే ఇవ్వాలి. ఇది సిద్ధాంతం.

ద్వితీయ పాదము

రెప్పపాటు = కన్ను మూసి తెరుచునంత కాలము. అలంకారం అతిశయోక్తి. అయినా కవి సత్యం తప్పలేదు, బాల్కనీలో నిలబడితే రింగు రోడ్డు రెప్పపాటులో కనబడుతుంది. ఎక్కడం వేరే సంగతి. 158 కిలోమీటర్ల ఆ దారిని ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వరు. ఇంటర్‌ఛేంజి దాకా సర్వీసు రోడ్డు పట్టుకుపోవాలి.

అసలు ప్రశ్న రింగు రోడ్డు ఎంత దూరమని కాదు, అద్దెకుండేవాడి ఆఫీసు ఎంత దూరమని. కనుక నాయకుడు ఆదివారం ఏజెంటు కారులో కాక, సోమవారం పొద్దున తొమ్మిదింటికి తన బండి మీద ఆ ఫ్లాటు నుంచి గచ్చిబౌలికో, హైటెక్ సిటీకో పోయి చూడాలి. వచ్చేటప్పుడు ఆ వీధిలో ఎన్ని టులెట్ బోర్డులు వేలాడుతున్నాయో చూడాలి. వరసగా నాలుగు కనబడితే అయిదోది మనదే అవుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను ‘ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి?’ అని అడగాలి. ఈ పద్యానికి పూర్వ వ్యాఖ్యాతలలో అతనిదే ప్రామాణికం.

తృతీయ పాదము

అద్దె వచ్చు నెలకు = నెలనెలా అద్దె చేతికి వచ్చును. హాయిగా కూర్చున్న = సుఖముగా ఆసీనుడై యున్నను. పద్యానికంతా ఆయువుపట్టు ఈ పాదం. ఇందులో కర్తృపదం లేదు. కూర్చున్నది ఎవరు?

లెక్క కట్టి అన్వయిద్దాం. ఫ్లాటు రూ.75 లక్షలు అనుకుందాం, ఓసీ వచ్చింది కనుక జీఎస్టీ లేదు. (కడుతూ ఉండగా కొంటే మామూలుగా 5 శాతం.) స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే రూ.5,62,500. ఈ స్థాయి లోనుకు బ్యాంకు విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చు, అంటే రూ.60 లక్షలు. మిగతా 15 లక్షలూ, ఆపై రిజిస్ట్రేషనూ నాయకుడి జేబులోవి. ఇరవై లక్షల చిల్లర అక్కడితో సరి. ఏజెంటు కమిషను, ఫ్యాన్లు, గీజరు, వంటింటి అరలు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద 20 ఏళ్లకు ఈఎంఐ రూ.52 వేలు దాటుతుంది. అద్దె 22 వేలు అనుకుందాం. ఏడాదిలో ఒక నెల ఖాళీగా పోతుంది, ఆ నెల మెయింటెనెన్సు మనదే. ఆస్తిపన్ను, మనిషి మారినప్పుడల్లా సున్నాలు, కుళాయిలు తీసేస్తే ఏడాదికి చేతికి అందేది రెండు లక్షల పైచిలుకు. పెట్టింది 80 లక్షల పైన, వచ్చేది మూడు శాతం లోపు, కట్టేది ఎనిమిదిన్నర శాతం.

కాబట్టి అన్వయం స్పష్టం. నెలకు 52 వేలు పడే ఇంట్లో 22 వేలిచ్చి హాయిగా కూర్చున్నవాడు అద్దెకున్నవాడు. అధ్యాహృతమైన కర్త అతడే. యజమాని నెలకు 30 వేలు జీతంలోంచి తెచ్చి ఆ హాయిని పోషిస్తాడు.

‘అద్దె ఎవరిక్కావాలి, పదేళ్లలో ధర రెండింతలవుతుంది’ అని మళ్లీ పూర్వపక్షం. పెరిగితే పెరగవచ్చు. అయితే పెరిగేది భూమి, గోడలు ఏడాదికేడాది పాతబడతాయి. కనుక ఫ్లాటు కొనేవాడు అడగవలసింది గ్రానైటు గురించి కాదు, యూడీఎస్ గురించి, అంటే నేలలో తన వాటా ఎన్ని గజాలని. ఒకే ధరకు ఒకచోట 50 గజాలు, మరోచోట 25 గజాలు ఇస్తుంటే రెండూ ఒకే సరుకు కాదు.

చతుర్థ పాదము

మిగిలె నొకటె = ఒక్కటి మాత్రమే శేషించినది. ఎందుకు మిగిలింది? దీనిపై మూడు మతాలున్నాయి.

మొదటి మతం తాకట్టు. 2012 నాటి జీవో 168 ప్రకారం అపార్టుమెంటు కట్టే బిల్డరు, కట్టుబడి వైశాల్యంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తాకట్టు పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాక అది విడుదలవుతుంది. విడుదల కాకముందే ‘మీకోసం తగ్గించి ఇస్తున్నా’ అని వచ్చే ఒక్క ఫ్లాటు ఆ పదోవంతులోది కావచ్చు. రెండో మతం ప్లానులో లేని అంతస్తు. కాగితం మీద అయిదు, కళ్లముందు ఆరు, ఆరోదాని పేరు పెంట్‌హౌస్. మూడో మతం కిటికీ కింద చెత్తకుండీ. తొలి రెండు మతాలను ప్లానూ, లాయరూ తేలుస్తారు. మూడోదాన్ని ముక్కు తేలుస్తుంది.

పాఠాంతరం: కొన్ని వాట్సాప్ ప్రతులలో ‘నేడె టోకెనిండు’ అని ఉంది. గణాలు సరిపోయినా యతి చెడింది కనుక ప్రక్షిప్తం. లోకంలో ఆచరిస్తున్నది మాత్రం ఈ పాఠాన్నే. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టయితే అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని 2016 నాటి ఆ స్థిరాస్తి నియంత్రణ చట్టం. టోకెనిచ్చే ముందు, డీలు కుదరకపోతే అది తిరిగి వస్తుందో రాదో రాతలో పెట్టించుకోవాలి.

విశేషాలు

శతక పద్యానికి మకుటం ఉన్నట్టు ప్రాజెక్టు ప్రకటనకు రెరా నంబరుండాలి. స్థలం 500 చదరపు మీటర్లు, లేదా ఫ్లాట్లు ఎనిమిది దాటితే నమోదు తప్పదు, నమోదు కాకముందు ప్రకటించకూడదు, అమ్మకూడదు. ‘ప్రీలాంచ్’ అన్న ప్రయోగం చట్టానికి ముందటి వ్యాకరణానికి చెందింది.

పద్యంలో విస్తీర్ణం లేదు. నోటిమాటగా చెప్పే 1,200 ఎస్ఎఫ్‌టీలో మెట్లు, లిఫ్టు, కారిడారుల్లో మన వాటా కూడా ఉంటుంది. రెరా చెప్పే కార్పెట్ ఏరియా లోపలి గోడలను కలుపుకొని, బయటి గోడలనూ బాల్కనీనీ వదిలేస్తుంది. అద్దెకొచ్చేవాడు మంచం పట్టే చోటు చూస్తాడు, కారిడారులో వాటా చూడడు.

తాత్పర్యము

ఏజెంటు కవి అబద్ధమాడలేదు. వాకిలి తూర్పే, రోడ్డు కనిపిస్తుంది, అద్దె వస్తుంది, మిగిలింది ఒకటే. అద్దెకివ్వడానికి మొదటిసారి కొనేవాడు ఈ నాలుగూ నిజమేనా అని విచారించి, నిజమేనని తేలగానే చెక్కు రాస్తాడు. చెప్పిన నాలుగింటిని నమ్మి, చెప్పని నాలుగింటిని అడగాలి: కాగితం ఎవరిది, నేల ఎంత, అద్దె పోను జీతంలోంచి కట్టేదెంత, ఇది ఇంతకాలం ఎందుకు మిగిలింది? ఈ క్రమంలో జవాబులు రావాలి, టోకెను వాటి వెనక పోవాలి.

ఫలశ్రుతి

ఈ టీకను చెక్కు పుస్తకం తెరవకముందు చదివినవారికి ఈ ఫ్లాటు చెయ్యి జారిపోవచ్చు. ఏజెంటు కోపగించవచ్చు. తోడల్లుడు పిరికివాడనవచ్చు. అయినా వారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఒకసారే ఎక్కుతారు, కోర్టు మెట్లు ఎక్కరు. చెక్కు రాశాక చదివినవారికి ఫలం చెప్పబడలేదు.