‘పాత యినుము’ పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె. ఎడమ షాఫ్టు నడిగి యేడు కొట్లు తిరిగి
పళ్లు లెక్కపెట్టి పట్టి చూచి
జోడు కుదరకున్న సొమ్ము పోవుఁ గనుక
పాత యినుము కొనుట బ్రహ్మవిద్య

అవతారిక: అనకాపల్లిలో ఒకానొక కరెంటు కారు యజమాని, మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం కటకటలాడగా, ఎడమ డ్రైవ్ షాఫ్టు పోయిందని మెకానిక్కు నోట విని, కొత్తదాని ధర కూడా విని, కాసేపటికి తేరుకొని చెప్పిన పద్యమిది. కరెంటు బండికి షాఫ్టెందుకని శంకించరాదు. ఇంజను పోయి మోటారు వచ్చినా ఆ తిరుగుడు చక్రానికి చేరేది ఈ కడ్డీ మీదుగానే.

ప్రతిపదార్థం: ఎడమ షాఫ్టును = గేరుపెట్టె నుంచి ఎడమ ముందు చక్రానికి పోయే కడ్డీని; అడిగి = ‘ఉందా’ అనక ‘ఎంత’ అని అడిగి (బేరం ఇక్కడే చెడింది); ఏడు కొట్లు = అనకాపల్లి మొదలు గాజువాక ఆటోనగర్ దాకా పాత సామాన్ల కొట్లను; తిరిగి = మండుటెండలో అని అధ్యాహారం; పళ్లు = కడ్డీ కొసన చెక్కిన స్ప్లైన్లను; లెక్కపెట్టి = వేలు జారి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి; తక్కినది సులభం.

తాత్పర్యం: సరిపోని షాఫ్టు కొంటే డబ్బు దండగ.

విశేషాలు: దీన్ని ఎడ్ల సంత పద్యమని పొరబడిన వ్యాఖ్యాతలున్నారు. వారిని తప్పుపట్టలేం. పళ్లు లెక్కపెట్టడం, కీళ్లు పట్టి చూడడం, దాపటికీ వలపటికీ జోడు కుదర్చడం, అన్నీ సంత లక్షణాలే. అయితే పళ్లు ఎద్దుకు వయసు చెబుతాయి, షాఫ్టుకు గోత్రం చెబుతాయి. ఒక్క పన్ను తేడా వచ్చినా సంబంధం కలవదు.

‘పట్టి చూచి’ అన్న మాటలో శాస్త్రమంతా ఉంది. చక్రం వైపు కీలులో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లుంటాయి. 1920లలో ఫోర్డు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా కల్పించిన కీలు ఇది. చక్రం ఎటు తిరిగినా వేగాన్ని ఒక్క తీరున అందిస్తుంది. లోపలి కీలుకు చాలా బండ్లలో మూడు రోలర్లు. గుంతలో బండి ఎగిరినప్పుడు అది లోపలికీ బయటికీ జారుతుంది. వీటిని కప్పిన రబ్బరు బూటు చిరిగిందా, గ్రీజు పోయి ఇసుక చేరుతుంది. బెల్లం యార్డులో దిమ్మకు రంగు చూసి ధర కట్టినట్టు ఇక్కడ కుదరదు. కడిగి తుడిచిన షాఫ్టును చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. కొసలు పట్టుకొని మెలిపెడితే ‘ఆట’ తెలుస్తుంది. ఆ ఆట కరెంటు బండిలో బాగా బయటపడుతుంది. కాలు తీయగానే చక్రమే మోటారును తిప్పి బ్యాటరీకి కరెంటు పంపుతుంది గనుక కడ్డీ అటూ ఇటూ మెలిపడుతూ టక్కు టక్కుమంటుంది.

‘జోడు’: పేరు కలిస్తే జోడు కాదు. 2020 జనవరిలో వచ్చిన నెక్సాన్ ఈవీ మోటారు తిప్పుడుబలం 245 న్యూటన్ మీటర్లు; అదే పేరున్న అప్పటి పెట్రోలు బండిది 170. పైగా మోటారు నిలిచినచోటి నుంచే పూర్తి బలం చూపిస్తుంది. అందుచేత కొట్టువాడు ‘అదే బండి సార్’ అన్నప్పుడు పార్టు నంబరు అడగాలి, దారం పెట్టి పొడవు కొలవాలి.

పాఠాంతరం: కవి తిరిగినవి మూడు కొట్లేనని ఆయన ఇల్లాలి వాదన. ‘మూడు’ అంటే యతి చెడుతుంది. ఛందస్సు కోసం నాలుగు కొట్లు అదనంగా తిరిగిన కవి ఇతడొక్కడే.

‘ఎడమ’ ఎవరి ఎడమ? ఇక్కడే అసలు చిక్కు. బండివాడు ఎడ్ల వెనక కూర్చుంటాడు గనుక దాపటెద్దు విషయంలో తగువు రాదు. కారు బానెట్టు ఎత్తి ఎదురుగా నిలబడినవాడికి ఎడమచేతి వైపున్నది, సీటులో కూర్చున్నవాడికి కుడి. కవి నిలబడి చూసి వచ్చాడు. చాలా బండ్లలో ఆ రెండు కడ్డీల పొడవూ ఒకటి కాదు.

పద్యం దొరికింది ఒక రసీదు వెనక. ముందు వైపు, వేరే దస్తూరీలో, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. ఇది వచనం.